పికెట్ ఎత్తేసే రోజు

కర్నూలు, కడప, అనంతపురం పల్లెల్లో పోలీసు పికెట్ అంటే తెలియనివాళ్లు లేరు. ఫ్యాక్షన్ హత్య జరిగిన మర్నాడు బడి వరండాలోనో, గుడి పక్కన టెంటులోనో దిగేవారు. నెలల తరబడి ఉండేవారు. ఎత్తేస్తారట అన్న మాట పుట్టగానే ఒక వీధి సంబరపడేది, ఇంకో వీధి పొద్దుగూకకముందే తలుపులు వేసుకునేది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి కేంద్ర బలగాలను వెనక్కి పిలవాలా వద్దా అన్న మాట వింటుంటే మాకు ఆ రెండు వీధులే గుర్తొస్తున్నాయి.

మావోయిస్టులు 2026 మార్చి 31 తర్వాత ఉండరని కేంద్రం గడువు పెట్టుకుంది. 2025 మేలో పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు అబూజ్‌మడ్‌లో, నవంబరులో దళ నాయకుడు హిడ్మా మన మారేడుమిల్లి అడవిలో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ రెంటి నడుమ, అక్టోబరులో, అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ మరో 60 మందితో కలిసి గడ్చిరోలిలో లొంగిపోయారు. దళాలు చితికిపోయాయి, సందేహం లేదు. ఇంకా ఇన్ని క్యాంపులెందుకని అడగడంలో తప్పూ లేదు. 2010 ఏప్రిల్‌లో బస్తర్‌లోని తాడిమెట్ల దగ్గర మావోయిస్టుల దాడిలో ఒక్క పొద్దున 76 మంది జవాన్లు పోయారు. వాన ముఖం చాటేసిన ఏడు సీఆర్‌పీఎఫ్ పరీక్షకు కోచింగ్ బాట పట్టే కుర్రాళ్లు మా సీమలో కొల్లలు. టీవీలో ఎన్‌కౌంటర్ వార్త కింద స్క్రోలింగ్ నడుస్తుంటే ఆ ఇళ్లలో ఎంత టెన్షనో మాకు తెలుసు.

అయినా తేదీ పెట్టి అందరినీ ఒక్కసారే వచ్చేయమనడానికి మనసొప్పదు. 1987 జూలై ఒప్పందంతో శ్రీలంక వెళ్లిన మన సైన్యం వెయ్యి మందికి పైగా జవాన్లను పోగొట్టుకుని 1990 మార్చిలో తిరిగొచ్చింది. రావడం తప్పు కాదు, ఎవరి కోసం వెళ్లిందో ఆ తమిళులకే కానిదైపోయింది. తప్పంతా వచ్చేముందు చేసిన ఏర్పాటులో ఉంది. కుర్రాళ్లను బలవంతంగా పట్టుకొచ్చి, తుపాకులిచ్చి, తమిళ నేషనల్ ఆర్మీ అని పేరు పెట్టి నిలబెట్టారు. మన చివరి ఓడ కదలకముందే అది ఎల్టీటీఈ పులుల ముందు కుప్పకూలింది. అక్కడి తమిళ ప్రాంతపు ముఖ్యమంత్రి వరదరాజ పెరుమాళ్ ఇండియాకు వచ్చేశారు. జూన్‌లో మళ్లీ యుద్ధం. అఫ్గానిస్తాన్‌లో 20 ఏళ్లున్న అమెరికా చేసిందీ అలాంటిదే. అఫ్గాన్ సైన్యం విమానాలు బాగుచేసే కాంట్రాక్టు మెకానిక్కులు ముందే వెళ్లిపోయారు, 2021 ఆగస్టు 15న కాబూల్ పోయింది.

మరి బస్తర్‌లో వెనక మిగిలేదెవరు? 2005లో మావోయిస్టుల మీదికి సల్వాజుడుం పేరిట ఆదివాసీ కుర్రాళ్ల చేతికే తుపాకులిచ్చారు. అది రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు చెబితే, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఇంకో చట్టం చేసి వాళ్లనే సాయుధ పోలీసులుగా చేర్చుకుంది. ఇప్పుడు ముందు వరసలో ఉన్న స్థానిక పోలీసు దళం డీఆర్‌జీలో లొంగిపోయిన మావోయిస్టులూ ఉన్నారు. కేంద్ర బలగాలు ఉన్నపళంగా వచ్చేస్తే వీళ్లూ, వీళ్ల చేతిలో చచ్చినవాళ్ల బంధువులూ ఒకే గూడెంలో ఎదురుబొదురు మిగులుతారు. పికెట్ పోయి గన్‌మెన్ మిగిలిన ఊళ్లు మేం చూశాం.

అలాగని ఉండిపొమ్మనీ అనం. సీమలో ఫ్యాక్షన్ చల్లారింది పికెట్ల వల్లేనని పోలీసులు అనుకుంటే అనుకోనీ. కోర్టుల చుట్టూ తిరిగి పొలాలు అమ్ముకున్నవాళ్లు, పిల్లలను బెంగళూరు చదువులకు పంపినవాళ్లు వేరే కథ చెబుతారు. బస్తర్‌లో క్యాంపు ఉన్నచోటికి మామూలు పోలీస్ స్టేషన్ రావాలి. జవాను తప్పు చేసినా ఎఫ్ఐఆర్ రాసే స్టేషన్. అడవి భూమికి పట్టా రావాలి. భూమి తీసుకునేముందు గ్రామసభను అడగాలని ఆదివాసీ ప్రాంతాల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం చెబుతోంది, అడగాలి. బలగాలు ఉంటున్నది ఆదివాసుల కోసమా, ఇనుప గనుల కోసమా అన్న అనుమానం ఊరికే పుట్టలేదు. ఓబుళాపురం ఇనుప గనులను చూసిన అనంతపురం వాళ్లకు అది ఇంకాస్త బాగా అర్థమవుతుంది.

ఇవి కుదిరిన బ్లాక్‌లో ముందు ఎత్తేయండి, తర్వాత పక్క బ్లాక్. మొదలుపెట్టడానికి మాత్రం ఇంకో గడువు అక్కర్లేదు. జుడుం రోజుల్లో ఊళ్లు తగలబడి బస్తర్ నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయ ఆదివాసులు ఇప్పటికీ భద్రాచలం, చింతూరు అడవుల్లో గుడిసెలు వేసుకుని ఉన్నారు. హోం శాఖ క్యాంపుల లెక్క తీసేముందు, వాళ్లలో ఎంతమంది సామాను సర్దుకున్నారో వాకబు చేయాలి.