ఎన్నికల యాడ్ గారికి, ఒక సీమ ఓటరు రాసుకున్న ఉత్తరం

ఎన్నికల యాడ్ గారికి నమస్కారం.

మాది అనంతపురం జిల్లా. మీరు మా ఊరికి ఎప్పుడూ రాలేదు గానీ, మా గురించి మాకంటే మీకే ఎక్కువ తెలుసు. కృష్ణ ఒడ్డున మీరు తెర మీద మొదలవగానే దుమ్ము రేపుకుంటూ తెల్ల సుమో వచ్చి ఆగుతుంది. ముందు చెప్పు దిగుతుంది, తర్వాత పంచె, ఆఖర్న మీసం. ముఖం చూపించరు, దాంతో పనేముంది! 'ఇలాంటివాళ్లకా మీ ఓటు?' అని వెనకనుంచి ఒక బరువైన గొంతు.

అదే వారం మీ పార్టీ మా దగ్గర సభ పెడుతుంది. తెర మీద మళ్లీ అదే మీసం. ఈసారి పక్కన సింహం, కింద 'సీమ పౌరుషం' అని పెద్దక్షరాలు. కృష్ణ ఒడ్డున గూండాయిజం, పెన్న ఒడ్డుకొచ్చేసరికి పౌరుషం. మధ్యలో ఉన్న ఒంగోలువాళ్లు ఏ అర్థం తీసుకోవాలో మీరే చెప్పాలి.

ఫ్యాక్షన్ అసలు లేదని బుకాయించను. ఉండింది. మరి దానికి మొగుళ్లని పోగొట్టుకున్న ఆడవాళ్లు మీ ముప్ఫై సెకన్లలో ఒక్క సెకనైనా కనబడరేం?

ఇక యాస. మాటకి ముందొక 'ఒరేయ్', వెనకొక 'నరికేస్తా' తగిలిస్తే సీమ యాస అయిపోతుందని మీ డబ్బింగ్‌వాళ్ల నమ్మకం. మా ఊళ్లో బస్సు దిగితే మొదట వినబడేది 'ఏమప్పా, బువ్వ తింటివా?' అని. దానికి ఎంత డప్పు వాయించినా భయం పుట్టదు, మీ ఇబ్బంది నాకు అర్థమవుతుంది.

మిగతావాళ్లకీ వేషాలు పంచారు లెండి. గోదావరివాళ్లకి కొబ్బరిచెట్టు, ఒక 'ఆయ్'. శ్రీకాకుళం ముసలమ్మ ఏడవాలి, మీ నాయకుడు కన్నీళ్లు తుడవాలి. ఆమెకి ఇంకో డైలాగు ఇవ్వరు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు ఫొటో పెట్టి జనం మాటే గొప్పదని పోస్టర్ వేసేదీ మీరే. ఆయనదీ ఆ ముసలమ్మ జిల్లాయే. సెప్టెంబరు 9న కాళోజీకి ఇంకో పోస్టర్. యాస మీద మీ గౌరవానికి ఏడాదికి రెండు రోజులే డ్యూటీ.

టీవీలో రావాలంటే మీరు ముందుగా ఎన్నికల సంఘం కమిటీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, 2004లో సుప్రీంకోర్టు చెప్పిన దగ్గర్నుంచీ. దరఖాస్తులో మాటలన్నీ రాసివ్వాలి, తీయడానికైన ఖర్చూ చూపాలి. మీసాన్ని ఏ పద్దులో రాస్తారు, మేకప్పా, ప్రచార సామగ్రా? 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ మతం, జాతి, కులం, సముదాయం, భాష పేరు చెప్పి ఓటు అడగొద్దంది. మీ లాయరు గట్టివాడు. ఆ వరసలో భాష ఉంది గానీ యాస లేదని ఎప్పుడో కనిపెట్టేసి ఉంటాడు.

ఒక్క మనవి. ఈసారి షూటింగ్‌కి మా ఊరే రండి. దేశంలో వాన బాగా తక్కువ పడే జిల్లాల్లో మాదొకటి కాబట్టి దుమ్ముకి కొదవలేదు, సెట్ ఖర్చు మిగులుతుంది. షాట్ అయ్యాక సుమో మాత్రం ఖాళీగా తిప్పి పంపకండి. శెనక్కాయ మూటలు ఏడెనిమిది ఉన్నాయి, పోతా పోతా మార్కెట్ యార్డులో దించేయండి.

ఇట్లు,
మీసం లేని ఒక సీమ ఓటరు