హోమ్ లోన్ ముందే తీర్చేవాళ్లు అమాయకులేం కాదు

వాట్సాప్‌లో, రీల్స్‌లో తెగ తిరిగే సలహా ఒకటుంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఇది: “హోమ్ లోన్ ముందే తీర్చడం తెలివితక్కువ పని. దొరికే అప్పుల్లో అదే చవక. ఆ డబ్బు సిప్‌లో (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో) వేస్తే 12 శాతం వస్తుంది, లేదంటే తెలిసినవాళ్లకి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చుకో. లోన్ ఉంటే ట్యాక్స్ కూడా మిగులుతుంది. ఎలాగూ వడ్డీ అంతా బ్యాంకు మొదటి ఏళ్లలోనే లాగేసుకుంటుంది, తర్వాత కట్టి లాభం లేదు. ముందే కడితే పెనాల్టీ. జీతం పెరిగేకొద్దీ ఈఎంఐ దానంతటదే చిన్నదైపోతుంది. పైగా అప్పు ఉంటేనే మనిషికి క్రమశిక్షణ.”

చదవగానే లెక్కలు బాగా తెలిసినవాళ్లు రాసినట్టే ఉంటుంది. కొంత నిజం కూడా ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు. ఒక్కో ముక్కా విడదీసి చూద్దాం. అంతటికీ ఒకే లోన్ తీసుకుంటాను: 50 లక్షలు, 20 ఏళ్లు, 8.5 శాతం ఫ్లోటింగ్ (మధ్యలో పెరిగే, తగ్గే) వడ్డీ. ఈఎంఐ 43,391 రూపాయలు. హైదరాబాద్ శివార్లలోనో విజయవాడలోనో ఫ్లాట్ కొన్నవాళ్లకి ఈ అంకె కొత్తేం కాదు.

“వడ్డీ అంతా మొదట్లోనే లాగేసుకుంటారు”

లోన్ స్టేట్‌మెంట్‌లో మొదటి నెల వరస చూడండి. 43,391లో వడ్డీ 35,417, అసలుకి పోయింది 7,974. ఏడాది తిరిగేసరికి 5 లక్షల 20 వేలు కట్టి ఉంటారు, అసలు మాత్రం లక్ష కూడా తగ్గదు. కడుపు మండే అంకెలే. కానీ బ్యాంకు ఏ నెలకా నెల మిగిలిన అసలు మీదే వడ్డీ వేస్తుంది. మొదట్లో అసలు ఎక్కువ కాబట్టి వడ్డీ ఎక్కువ, అంతే. రాబోయే ఏళ్ల వడ్డీని ఎవరూ ముందుగా వసూలు చెయ్యడం లేదు.

సగం గడువు, అంటే పదేళ్లు, అయ్యాక బాకీ ఎంత ఉంటుందనుకుంటున్నారు? దాదాపు 35 లక్షలు. ఈఎంఐలో అసలు వాటా వడ్డీ వాటాని దాటేది పన్నెండో ఏడాది చివర్లో. కాబట్టి పదేళ్లు కట్టాక ఒక లక్ష అదనంగా కట్టినా గడువు ఐదు నెలలు తగ్గుతుంది, సుమారు లక్షా 30 వేల వడ్డీ తప్పుతుంది. అదే లక్ష మొదటి నెలలోనే కట్టి ఉంటే ఏడాది తగ్గి 4 లక్షల 20 వేల దాకా మిగిలేది. తొందరగా కడితే ఎక్కువ లాభం అన్నది నిజం. ఆలస్యమైతే లాభమే లేదన్నది అబద్ధం.

“ముందే కడితే పెనాల్టీ”

ఇది పాత కబురు. ఫ్లోటింగ్ వడ్డీ హోమ్ లోన్ల మీద బ్యాంకులు ఈ ఛార్జీ వెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పింది. 2025 జూలైలో ఇచ్చిన ఆదేశాలు ఇంకా గట్టివి: 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే లోన్లకి, డబ్బు ఎక్కడినుంచి తెచ్చి కట్టినా, కొంత కట్టినా మొత్తం కట్టినా, ఇన్నాళ్లు ఆగాలన్న షరతు కూడా లేకుండా ఛార్జీ ఉండకూడదు. ఫిక్స్‌డ్ వడ్డీ లోన్ అయితే మాత్రం అగ్రిమెంటు చూసుకోవాలి.

“సిప్‌లో 12 శాతం వస్తుంది”

అన్నిటికంటే బలమైన వాదన ఇదే, దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. నెలకి 10 వేలు మిగులుతున్నాయనుకుందాం. ఆ పది వేలు 20 ఏళ్లపాటు ఆపకుండా సిప్‌లో వేస్తే, 12 శాతం చొప్పున పెరిగి 99 లక్షల దాకా అవుతుంది. అదే పది వేలు ఈఎంఐకి కలిపి కడితే లోన్ 12 ఏళ్ల 10 నెలల్లో తీరుతుంది; అక్కడినుంచి మొత్తం 53,391 అదే 12 శాతానికి సిప్‌లో వేసుకుంటూ పోతే 20 ఏళ్లు నిండేసరికి 72 లక్షలు. తేడా 27 లక్షలు. ట్యాక్స్ తీసేసినా సిప్పే ముందుంటుంది. లెక్కలో తప్పు లేదు.

కానీ ఆ 12 శాతం ఎవరూ రాసిచ్చింది కాదు. 10 శాతమే వస్తే తేడా 9 లక్షలకి దిగుతుంది. 8.5 వస్తే రెండూ సమానం. ఇంకా తగ్గితే సిప్ వెనకబడుతుంది. 2008 జనవరిలో 21 వేలు దాటిన సెన్సెక్స్ అదే ఏడాది అక్టోబరులో 8 వేల కిందికి వచ్చింది. 2020 జనవరిలో 42 వేలు తాకిన సూచీ మార్చిలో 26 వేల కిందికి పడింది. తర్వాత కోలుకుంది, నిజమే. కాకపోతే మార్కెట్ పడ్డ నెలల్లోనే జీతాల కోతలు, ఉద్యోగం ఉంటుందా పోతుందా అన్న టెన్షన్ కూడా వస్తాయి. అలాంటప్పుడు ఇంట్లో మొదట ఆగేది సిప్. ఫోన్‌లో రెండు నొక్కుళ్లు చాలు.

ప్రీపేమెంట్‌కి, అంటే ముందే కట్టడానికి, ఈ బెడద లేదు. 8.5 శాతం అప్పు తీరిస్తే 8.5 శాతం మిగిలినట్టే, ఖాయంగా, దాని మీద ట్యాక్స్ లేకుండా. 30 శాతం స్లాబులో ఉన్నవాళ్లకి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ట్యాక్స్ పోను అంత చేతికి రావాలంటే బ్యాంకు 12.35 శాతం ఇవ్వాలి. ఎవరిస్తారు?

ఇంకో సంగతి. ఈ సలహా పాటిస్తున్నామని చెప్పే చాలామంది సగమే పాటిస్తున్నారు. లోన్ ముందే కట్టరు, అంతవరకు కరెక్టే. మిగిలిన పది వేలు మాత్రం సిప్‌లోకి వెళ్లదు. కొత్త ఫోన్ ఈఎంఐకి, వీకెండ్ బిర్యానీ ఆర్డర్లకి, ఎప్పుడు తీసుకున్నామో గుర్తులేని ఓటీటీ చందాలకి వెళ్తుంది. ఆ మెసేజ్ 12 శాతాన్నీ 8.5 శాతాన్నీ పోల్చింది. నిజంగా మన ఇళ్లలో పోటీ పడేవి ప్రీపేమెంటూ, ఎటు పోయిందో తెలియని ఖర్చూ. ఏళ్లుగా సిప్ ఆపని అలవాటు, నిలకడైన ఉద్యోగం ఉన్నవాళ్లు సగం ఇటు సగం అటు పెట్టుకుంటామంటే నాకేం అభ్యంతరం లేదు.

“లేదంటే రెండు రూపాయల వడ్డీకి ఇచ్చుకో”

మన ఊళ్ల లెక్కలో హోమ్ లోన్ వడ్డీ నూటికి నెలకి 71 పైసలు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఇన్ని బ్యాంకులు, వీధికో గోల్డ్ లోన్ ఆఫీసు ఉన్న రోజుల్లో ఒక మనిషి రెండు రూపాయలకి మన గుమ్మం తొక్కాడంటే, చాలాసార్లు వాళ్లంతా వద్దన్నాకే వచ్చి ఉంటాడు. నోటు రాయించుకుంటాం. మూడేళ్లలోపు దావా వెయ్యాలి, లేదా ఈలోగా కొంత కట్టించుకుని నోటు వెనక చెల్లు రాయించుకోవాలి; రెండూ చెయ్యకపోతే దానికి కాలదోషం పడుతుంది. గట్టిగా అడగాలంటే మొహమాటం, అడక్కపోతే అసలుకే ఎసరు. బావమరిదికి ఇచ్చిన డబ్బు అయితే ఇక చెప్పక్కర్లేదు.

“ట్యాక్స్ మిగులుతుంది”

పాత ట్యాక్స్ పద్ధతిలో (ఓల్డ్ రెజీమ్‌లో), సొంతంగా ఉంటున్న ఇంటికి ఏడాదికి 2 లక్షల వడ్డీ వరకే మినహాయింపు. మనం తీసుకున్న లోన్‌కి మొదటి ఏడాది వడ్డీ 4 లక్షల 21 వేలు. 30 శాతం స్లాబులో ఉన్నా మిగిలేది 62,400 రూపాయలు. నాలుగు లక్షలు బ్యాంకుకి ఇచ్చి అరవై వేలు వెనక్కి తెచ్చుకోవడం లాభమెలా అవుతుందో నాకు అర్థం కాదు.

ఆ మెసేజ్ రాసినవాళ్లు చూడని విషయం ఇంకోటి ఉంది. ప్రీపేమెంట్ వల్ల మొదట తగ్గేది 2 లక్షలకి పైనున్న వడ్డీ. దానికి ఎలాగూ మినహాయింపు రాదు. అంటే బాకీ 23, 24 లక్షలకి దిగేదాకా ముందే కట్టినందుకు ఈ మినహాయింపులో ఒక్క రూపాయి కూడా పోదు. పైగా ముందే కట్టిన అసలు కూడా పొదుపులకిచ్చే (80సీగా పేరుపడ్డ) లక్షన్నర పరిమితిలో చూపించుకోవచ్చు. భార్యాభర్తలిద్దరూ ఓనర్లయి, లోన్ కూడా ఇద్దరి పేరునా ఉంటే చెరో 2 లక్షలు వస్తుంది కాబట్టి వాళ్ల లెక్క వేరు.

కొత్త పద్ధతిలో అయితే ఈ గొడవే లేదు, సొంతంగా ఉంటున్న ఇంటి వడ్డీకి మినహాయింపే ఇవ్వరు. 2023-24 నుంచి మనం ఏదీ ఎంచుకోకపోతే వర్తించేది అదే. 2025-26 నుంచి అందులో 12 లక్షల 75 వేల జీతం దాకా ట్యాక్స్ పడదు కాబట్టి చాలామంది అటే మారారు. వాళ్లకీ ఇదే మెసేజ్ పంపుతున్నారు!

“జీతం పెరిగితే ఈఎంఐ చిన్నదైపోతుంది”

జీతం పెరిగితే బరువు తగ్గుతుంది, ఒప్పుకుంటాను. ఫ్లోటింగ్ లోన్‌లో వడ్డీ కూడా కదులుతుందన్న మాట మాత్రం మెసేజ్‌లో లేదు. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో రేటు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ) 2023 ఫిబ్రవరికి 6.5 అయింది. అంతకుముందు 6.75 శాతానికి 50 లక్షలు 20 ఏళ్లకి తీసుకుంటే ఈఎంఐ 38,018. ఆ రెండున్నర శాతం కలిసి 9.25 అయ్యాక 50 లక్షల మీద నెల వడ్డీయే 38,542. ఈఎంఐ వడ్డీకే సరిపోని పరిస్థితి. చాలాచోట్ల ఈఎంఐ కదల్లేదు, గడువు పెరిగిపోయింది. ఆఖరి ఈఎంఐ తేదీ రిటైర్మెంట్ దాటిపోయిన సంగతి స్టేట్‌మెంట్ తీసేదాకా తెలియనివాళ్లున్నారు. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా అని కస్టమర్‌ని అడగాలని రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో చెప్పింది. 2025లో రెపో తగ్గినప్పుడు పాత ఈఎంఐనే ఉంచుకున్నవాళ్లకి, జేబులోంచి పైసా అదనంగా తీయకుండానే గడువు తగ్గింది. ఏడాదికోసారైనా స్టేట్‌మెంట్ తీసి ఆ ఆఖరి తేదీ చూసుకోవడం మంచి అలవాటు.

“అప్పు ఉంటేనే క్రమశిక్షణ”

ఈఎంఐ క్రమం తప్పకుండా పోతున్నది అప్పు మీద భక్తితో కాదు, ఆటో డెబిట్ వల్ల. అదే పద్ధతి మన వైపుకి తిప్పుకోవచ్చు. ఐదో తారీఖున ఈఎంఐ కట్ అయ్యే ఇంట్లో ఆరో తారీఖున ఇంకో 3 వేలు లోన్ ఖాతాకి వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెడితే, మొదటి నుంచీ అలా కడితే, 20 ఏళ్ల లోన్ 17 ఏళ్లలో తీరుతుంది. 9 లక్షలకి పైగా వడ్డీ తప్పుతుంది. నెలాఖరున మిగిలింది కడదాం అనుకుంటే ఏ నెలా మిగలదు.

దీనికి విరుగుడుగా “రోజూ టీ మానేస్తే లోన్ తీరిపోతుంది” అనే ఇంకో మెసేజ్ తిరుగుతుంది. అదీ లెక్క వేద్దాం. 15 రూపాయల టీ రోజుకి రెండు, నెలకి 900. అది కలిపితే గడువు ఏడాది తగ్గి, సుమారు 3 లక్షల 25 వేల వడ్డీ మిగులుతుంది. తక్కువేం కాదు, కాకపోతే ఆ 900 నిజంగా లోన్ ఖాతాలో పడాలి. టీ మానేసి డబ్బు యూపీఐలో వదిలేస్తే అది ఇంకో దారి వెతుక్కుంటుంది. టీ మానమని నేనైతే ఎవరికీ చెప్పను. ఇంక్రిమెంట్ మీద కన్నేస్తే చాలు. ఈఎంఐని ఏటా 5 శాతం పెంచుకుంటూ పోతే ఈ లోన్ 12 ఏళ్ల 3 నెలల్లో ముగుస్తుంది. పదో ఏట ఈఎంఐ 67 వేలు దాటుతుంది కాబట్టి జీతం కూడా అలా పెరిగేవాళ్లకే ఇది. పెరగనివాళ్లు ఏడాదికి ఒక ఈఎంఐ అదనంగా కట్టినా 16 ఏళ్ల 8 నెలల్లో బయటపడతారు, 10 లక్షలు మిగులుతాయి. డీఏ ఎరియర్స్, బోనస్, ఎత్తిన చీటీ, ఊళ్లో పొలం కౌలు, ఏదో ఒకటి ఏడాదికోసారి వస్తూనే ఉంటుంది. వచ్చిన వారంలోనే కట్టెయ్యాలి.

కట్టేటప్పుడు కాస్త జాగ్రత్త. కొన్ని యాప్‌లలో మామూలుగా డబ్బు వేస్తే అసలులోంచి తగ్గదు, వచ్చే ఈఎంఐకి అడ్వాన్సుగా పడి ఉంటుంది. పార్ట్ ప్రీపేమెంట్ అనే చోటే కట్టాలి. ఈఎంఐ తగ్గించాలా, గడువు తగ్గించాలా అని అడిగితే గడువే చెప్పాలి. కొత్త షెడ్యూల్ తీసి చివరి వరసలో తేదీ ముందుకి జరిగిందో లేదో చూడాలి.

మెసేజ్‌లో లేకపోయినా ప్రీపేమెంట్ వద్దనడానికి సరైన కారణం ఒకటుంది: గోడల్లో పెట్టిన డబ్బు అవసరానికి చేతికి రాదు. కాబట్టి ఆరు నెలల ఇంటి ఖర్చూ ఈఎంఐలూ బ్యాంకులో పక్కన పెట్టకుండా, హెల్త్ ఇన్సూరెన్స్ లేకుండా ప్రీపేమెంట్ జోలికి వెళ్లకండి. క్రెడిట్ కార్డు బాకీ, పర్సనల్ లోన్ ఉంటే ముందు అవి తీరాలి. బంగారం తాకట్టు పెట్టి హోమ్ లోన్ కట్టేవాళ్లు కూడా ఉన్నారు, అదైతే వద్దే వద్దు.

ఇక “లోన్ తీర్చినా డాక్యుమెంట్ల కోసం ఏడాది తిప్పుతారు” అనే భయం. 2023 డిసెంబరు 1 నుంచి మొత్తం తీరిన 30 రోజుల్లోపు ఒరిజినల్స్ ఇచ్చెయ్యాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5 వేల చొప్పున మనకే పరిహారం కట్టాలి. నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోండి. తనఖా రిజిస్టర్ అయి ఉంటే బ్యాంకు చేత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిలీజ్ చేయించండి. తర్వాత ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి, తనఖా ఎంట్రీతో పాటు రిలీజ్ ఎంట్రీ కూడా పడిందో లేదో చూసుకోండి. పడకపోతే రేపు ఇల్లు అమ్మబోయినప్పుడు కొనేవాళ్ల లాయరు ముందు పట్టుకునేది దాన్నే.