ఏడో వచనం దాకా చదవండి అయ్యగారూ

జ్ఞానాపురంలో నాది చిన్న జాకెట్ల కొట్టు. రెండు మిషన్లు, నేను, ఒక సాయం పిల్ల. డిసెంబరు వచ్చిందంటే అన్నం తినడానికి కూడా తీరిక ఉండదు. వైజాగ్‌లో ఉన్న క్రైస్తవ డినామినేషన్లలో (శాఖల్లో) సగానికి పైగా వాటి ఆడవాళ్ల ఆది జాకెట్లు నా బీరువా మీద మూటల్లో ఉంటాయి. కాబట్టి నగలు, సింగారం వద్దనే మా చర్చి సంఘంలో ఆడవాళ్ల అలంకారం గురించి ఎవరైనా మాట్లాడితే నేనూ ఓ మాట అనొచ్చనుకుంటున్నా.

మొన్న ఆదివారం మొదటి ఆరాధనకి ఒక అమ్మాయి వచ్చింది. మా మందిరానికి రావడం మూడోసారో నాలుగోసారో. జగదాంబ వైపు చీరల షోరూంలో సేల్స్‌లో చేస్తోంది. ఆదివారం వాళ్లకి సెలవుండదు, ఆ రోజే బేరాలు ఎక్కువ. లిప్‌స్టిక్ లేకుండా కౌంటర్లో నిలబడితే సూపర్‌వైజర్ ఊరుకోడట. అందుకని ఇంట్లోనే తయారైపోయి, ఆరున్నరకి మందిరానికి వచ్చి, అటునుంచి అటే డ్యూటీకి పోతుంది. రెండో పాట నడుస్తుండగా మా పెద్దావిడ ఒకరు వెళ్లి ఆ పిల్ల చెవిలో ఏదో చెప్పారు. పిల్ల చున్నీ కొసతో పెదాలు తుడుచుకుంది. ఆ రకం లిప్‌స్టిక్ అంత తొందరగా పోదు. గడ్డం దాకా ఎర్రగా పులుముకుంది, తెల్ల చున్నీకి మరకైంది. ముసుగు ముందుకి లాక్కుని కాసేపు కూర్చుంది. తర్వాత చూస్తే లేదు.

అదే సమయంలో ముందు వరసలో, కుషన్ కుర్చీల్లో, మందిరానికి స్లాబు వేయించిన కుటుంబం కూర్చుని ఉంది. ఆ ఇంటి కోడలిది మగ్గం వర్క్ జాకెట్టు. వెనకాల పొట్లీ బటన్లు, చేతుల నిండా జర్దోసి. వర్కుకే 6,500 అయింది. నాకెలా తెలుసంటే కుట్టింది నేనే. ఆవిడ చెవిలో ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పమనీ అనను, ఆవిడ చాలా మంచి మనిషి, పైగా బాకీ పెట్టని కస్టమరు. నా బాధ కుర్చీల గురించి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించి, మురికి బట్టలవాడిని అక్కడ నిలబడమంటే అది పక్షపాతమని బైబిల్లో యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. ఆ వాక్యం మీద ప్రసంగం విని ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకుందామంటే గుర్తుకు రావడం లేదు.

ఆ రోజు వాక్యం ఏంటనుకున్నారు? 1 పేతురు పత్రిక, మూడో అధ్యాయం. "జడలు అల్లుకొనుటయు, బంగారునగలు పెట్టుకొనుటయు, వస్త్రములు ధరించుకొనుటయునను వెలుపటి అలంకారము" మీకు అలంకారంగా ఉండకూడదు, హృదయపు అంతరంగ స్వభావమే అలంకారంగా ఉండాలి అని. ఎంత మంచి మాటో! నాకు చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా పట్టించిన మాట. కానీ పాస్టరు అయ్యగారూ, దీన్ని రూల్‌లా అక్షరాలా పట్టుకుంటే మొదట జడే వేసుకోకూడదు. మన సంఘంలో జడ వేసుకోని ఆడమనిషి ఎవరు? జుట్టు అల్లకుండా వదిలేసి వస్తే మళ్లీ మీరే కదా కోప్పడేది! ఇక మూడోది చూడండి, వస్త్రములు ధరించుకొనుట. ఖరీదైన వస్త్రాలని కూడా లేదక్కడ, ఉత్త వస్త్రములే. అలాగే పాటించేస్తే నేను కొట్టు మూసుకుని ఊరెళ్లిపోవాలి. మరి మూడింటిలో రెంటికి అర్థం విడమర్చి చెప్పుకుని, ఒక్క నగల దగ్గరే స్కేలు పెట్టి కొలవడమేంటి?

ప్రసంగం ఆరో వచనం దగ్గర ఆగింది. ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. ఏడో వచనం భర్తలకి. భార్యని సన్మానించండి, లేకపోతే మీ ప్రార్థనలకే అభ్యంతరం అని ఉంటుంది. ఇంట్లో పెళ్లాం మీద చెయ్యి చేసుకుని వచ్చి స్తుతి ఆరాధనలో ఆ చేతులే ఎత్తేవాళ్లు ఎవరెవరో నాకు తెలుసు. కొలతలు తీసేటప్పుడు టేపు కింద వాళ్ల భార్యలు "మెల్లగా అక్కా" అంటారు.

తెలుగులో అచ్చయిన మొదటి సువార్తలకి పని జరిగింది ఈ ఊళ్లోనే. 1805లో లండన్ మిషన్ నుంచి క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే మిషనరీలు ఇక్కడికి వచ్చారు. డెస్ గ్రాంజెస్, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో తెలుగు చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. రెండు వందల ఏళ్లు దాటింది. ఇంకొక్క వచనం కిందికి చదవలేమా?

ఇదంతా నగలు పెట్టుకోవాలని ఉబలాటంతో రాస్తున్నానని కొందరంటారు. నేను పంతొమ్మిదో ఏట బాప్తిస్మానికి ముందు కమ్మలు తీసేశాను. కన్నం మూసుకుపోతుందని మా అమ్మ రాత్రిళ్లు చీపురుపుల్ల ముక్క గుచ్చేది, నేను పొద్దున్నే తీసి పారేసేదాన్ని. ఇప్పుడు మూసుకుపోయాయి, చిన్న చుక్కలు మిగిలాయి. నాకు చింత లేదు. రాస్ హిల్ మీది మేరీమాత గుడికి వెళ్లే నా కాథలిక్ కస్టమర్లు పట్టుచీరలు, పూలు, గొలుసులతో కళకళలాడుతూ వస్తారు, వాళ్ల భక్తి నాకంటే తక్కువని నేనెప్పుడూ అనుకోలేదు. నగలు వద్దన్న మా పద్ధతిలో పేదింటి పెళ్లికి బంగారం అప్పు తప్పింది, అది నిజంగా పెద్ద మేలు. కాకపోతే ఆ డబ్బు పోయిందెక్కడికి? మధురవాడలో ప్లాటుకి, అబ్బాయి బండికి. బోసి మెడతో పెళ్లికూతురు, పక్కన కట్నం బండి. దాని మీద ఉపవాస ప్రార్థనలు పెట్టినవాళ్లు లేరు.

అంతరంగ స్వభావము అన్నప్పుడల్లా నాకు ఒకావిడ గుర్తొస్తుంది. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కొని వీధుల్లో అమ్ముతుంది. ప్రతి క్రిస్మస్‌కి రెండు జాకెట్లు కుట్టిస్తుంది. ఒకటి తనకి, మామూలు రూబియా, లైనింగ్ వద్దు. రెండోది మంచం దిగలేని పక్కింటావిడకి, అది లైనింగ్‌తో, మంచి గుడ్డ. ఆవిడ ఏడాదేడాదికీ చిక్కిపోతోంది గనక ఆది జాకెట్టు పనికిరాదు. ఈవిడే దారంతో కొలిచి ముడులేసి తెస్తుంది, ఛాతీకి ఒక ముడి, చేతికి ఒక ముడి. "నాదేటుందమ్మా, ఏదో ఒకలాగ కుట్టీ. దానిది సుబ్బరంగా కుట్టు" అంటుంది. చేతులు చేపల వాసన. ఆ దారాలు నేను పారేయను, డబ్బాలో దాస్తాను.

ఆ షోరూం పిల్ల కూడా నాకు ఒక జాకెట్టు ఇచ్చింది, క్రిస్మస్‌కని. హెమ్మింగ్ అయిపోయి హ్యాంగర్‌కి వేలాడుతోంది. రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆ రోజు నేను రెండు వరసల వెనకే కూర్చుని ఉన్నాను, లేవలేదు, ఆ సంగతి ఆమెకీ తెలుసు. ఈ ఆదివారం మొదటి ఆరాధన మానేస్తున్నా. ఆమె డ్యూటీకి వెళ్లే టైముకి జాకెట్టు పట్టుకుని కాన్వెంట్ జంక్షన్ బస్టాపులో నిలబడతాను.