చీరకిచ్చిన వెలుతురు మనిషికి ఎందుకివ్వం?

నెల్లూరు చిన్నబజారులో చీరలు కొనేవాళ్లను ఒకసారి గమనించండి. పది చీరలు విప్పించి, ఒకటి నచ్చాక, "ఒక్కసారి బయట చూస్తాం" అని గుమ్మం దాకా తెస్తారు. లోపల మెరూన్ అనుకున్నది అక్కడికొచ్చాక ఇటుక రంగని తేలుతుంది. షాపువాళ్లు కూడా అడ్డు చెప్పరు. చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ పలక మీద నీళ్లు చల్లి, ఆ నలుపులో బంగారు చుక్కలు ఎంత దట్టంగా ఉన్నాయో చూసేది కూడా పగటి వెలుతురులోనే. సరుకు దగ్గర మనకు దాని మీద అంత గురి. కానీ ఆ చీర మడతపెట్టి మళ్లీ లోపలికి తీసుకెళ్లే అమ్మాయి, పొద్దున వచ్చింది మొదలు రాత్రి షట్టరు దించేదాకా ట్యూబులైట్ల కిందే ఉంటుంది. నా బాధంతా ఆ అమ్మాయి గురించే.

ఈ మాట ఎత్తగానే వచ్చే జవాబు ఒకటే: "రోహిణి కార్తెలో కిటికీలు తీస్తే ఇక్కడ బతకగలమా?" నిజమే, మన ఎండలు అలాంటివి. అయితే ఎండ వేరు, వెలుతురు వేరు. చెట్టు కింద కూర్చుంటే ఎండ తగలదు, పేపరు మాత్రం హాయిగా చదువుకోవచ్చు. ఎండకు భయపడి వెలుతురును కూడా బయటే ఆపేశాం.

ట్రంకు రోడ్డులో ఒక ఆఫీసులో నాలుగేళ్లు లెక్కలు రాశాను. నా వెనక కిటికీ ఉండేది, దానికి అడ్డంగా బీరువా ఉండేది. ఏసీ పెట్టినప్పుడు పై వెంటిలేటరుకు థర్మోకోల్ షీటు కొట్టేశారు. సాయంత్రం బయటికొస్తే రోడ్డంతా తడిగా ఉండేది. వాన పడి వెలిసిందన్న సంగతి అప్పుడు తెలిసేది. నాలుగయ్యేసరికి తలనొప్పి, రాత్రి పన్నెండైనా పట్టని నిద్ర. ఒకసారి గోడలకు రంగులేస్తూ ఆ బీరువాను వారం రోజులు పక్కకు జరిపారు. ఆ వారం తలనొప్పి రాలేదు. అది వెలుతురు వల్లేనని నేను రుజువు చెయ్యలేను, కానీ బీరువా మళ్లీ యథాస్థానానికి చేరిన రోజు నాకు ఏడుపొచ్చినంత పనయింది.

మబ్బు పట్టిన మధ్యాహ్నం కూడా ఆరుబయట వెలుతురు 10,000 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది. ఆఫీసు బల్ల మీద లైట్లు ఇచ్చేది 300 నుంచి 500. కన్ను సర్దుకుపోతుంది కాబట్టి ఆ తేడా మనకు తెలియదు, ఒంటికి తెలుస్తుంది. చూపు కోసం కాకుండా, ఇది పగలా రాత్రా అని మెదడుకు చెప్పడానికే కంటిలో ప్రత్యేక కణాలున్నాయని 2002లో తేల్చారు. పగలు వాటికి చాలినంత వెలుతురు అందకపోతే నిద్ర తెచ్చే మెలటోనిన్ వేళ తప్పుతుంది. ఒంట్లోని ఈ గడియారం ఎలా నడుస్తుందో విప్పి చెప్పిన ముగ్గురు శాస్త్రవేత్తలకే 2017లో వైద్య నోబెల్ వచ్చింది. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోవాలి. కిటికీ పక్కన కూర్చుంటే డి విటమిన్ వస్తుందనుకోవద్దు, దానికి కావాల్సిన కిరణాలను అద్దం ఆపేస్తుంది.

మనూళ్లలో చిక్కంతా స్థలాల తీరులో ఉంది. ముందు పదిహేను అడుగులు, లోపలికి అరవై అడుగులు, రెండు పక్కలా ఆనుకున్న గోడలు. ఏడడుగుల ఎత్తు కిటికీ నుంచి వెలుతురు పనికొచ్చేంతగా లోపలికి వెళ్లేది మహా అయితే పదిహేను అడుగులు. పాత ఇళ్లలో నడిమధ్య మండువా వదిలింది అందుకే. ఇప్పుడు ఆ చోటును కూడా గదిలో కలిపేసి అద్దెకిస్తున్నాం. మన దగ్గర నడినెత్తిన ఉండే సూర్యుణ్ణి ఆపడానికి దక్షిణం వైపు కిటికీకి రెండడుగుల సన్‌షేడ్ చాలు. ఉత్తరం కిటికీకి అంతకన్నా తక్కువే. బాధంతా పడమటి ఎండతోనే. అటువైపు మెట్లు, బాత్‌రూములు, స్టోరు పెట్టుకుంటే సగం గొడవ తీరుతుంది. విచిత్రం ఏమిటంటే, రోడ్డు ఎటుంటే అటే అద్దాల గోడ కడుతున్నారు. అది పడమరైతే వేడికి తట్టుకోలేక లోపల కర్టెన్లు దించి, పట్టపగలే లైట్లు వేస్తారు. రైస్ మిల్లుల వాళ్లు ఈ విషయంలో నయం, పైకప్పు రేకుల మధ్య అక్కడక్కడా వెలుతురు పడే షీటు వేయిస్తారు.

చట్టానికి కూడా ఈ సంగతి తెలుసు. 2025లో రద్దయ్యేదాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 17వ సెక్షన్, వెలుతురు కోసం పెట్టిన అద్దాల కిటికీలను లోపలా బయటా శుభ్రంగా ఉంచాలనేది. కానీ అది ఫ్యాక్టరీలకే. బట్టల షాపుకు, లెక్కల ఆఫీసుకు వర్తించేది కాదు.

కట్టేసిన షాపును పడగొట్టమని ఎవరూ అడగడం లేదు. గుమ్మం దగ్గరి కౌంటరులో రోజూ ఒకరినే కాకుండా పూటకొకరిని మార్చవచ్చు. పొద్దున పదకొండులోపు ఒక పావుగంట, సాయంత్రం టీ వేళ మరో పావుగంట లోపలివాళ్లను వరండా నీడలోకి పంపవచ్చు. బేరం తెగకముందు చీరను ఎన్నిసార్లు గుమ్మంలోకి తెస్తారో, అందులో రెండు సార్లు ఆ అమ్మాయికి ఇస్తే చాలు.