గ్లాసులో కొబ్బరి వాసన

మా బావ శుక్రవారం రాత్రి ఫోన్ చేసి లిస్టు చదివాడు. శనివారం మూడు వైనరీలు, అంటే వైన్ తయారుచేసే చోట్లు, ఆదివారం మూడు. ఒక్కో చోట ఐదు రకాలు రుచి చూపిస్తారట. "తాగడం కాదురా, రుచి చూడడం. ఒక్కో గ్లాసులో అడుగున తడిసేంతే పోస్తారు" అన్నాడు.

ఆ తడి ఎంతో లెక్క వేశాను. ఒక్కో రకం 50 మిల్లీలీటర్లు అనుకుందాం. ఐదు రకాలు, మూడు చోట్లు. 750 మిల్లీలీటర్లు! అంటే రుచి చూస్తున్నాననుకుంటూనే మనిషి సాయంత్రానికి ఒక నిండు సీసా లాగించేస్తాడన్నమాట.

ఈ లెక్క పైకి చెప్పడమే నేను చేసిన పొరపాటు. "ఇంత జాగ్రత్త ఉన్నవాడివి, కారు నువ్వే నడుపు" అని అక్క తీర్పిచ్చేసింది.

కారు నడిపేవాడికి అక్కడ ఒక సదుపాయం ఉంది. ఉమ్మేయొచ్చు. ప్రతి బల్ల మీదా అందుకోసమే ఒక చిన్న బకెట్ పెడతారు. వైన్ రుచి చూడడమే ఉద్యోగమైనవాళ్ళు అంతా ఉమ్మేస్తారట, లేకపోతే మధ్యాహ్నానికే ఉద్యోగం మర్చిపోతారు. ఉమ్మినా కాస్తో కూస్తో ఒంట్లోకి చేరుతుంది కాబట్టి నేను పెదవి తడుపుకుని ఉమ్మేస్తానని షరతు పెట్టుకున్నాను. షరతు బాగానే ఉంది, ఉమ్మడమే రాలేదు. బావ నోట్లోంచి సన్నటి ధార తిన్నగా బకెట్లోకి పోతోంది. నాది మొక్కలకి నీళ్ళు చల్లినట్టు నాలుగు వైపులా పడుతోంది. టేస్టింగ్‌లో తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత పోస్తారు. తెల్లవాటికి ఏమీ కనబడక నాకు ధైర్యం వచ్చింది. ఎర్రది మొదలయ్యాక చుట్టూ చూశాను. అంతమందిలో తెల్ల చొక్కా వేసుకొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

రెండో వైనరీలో మా బావ పాండిత్యం బయటపడింది. గ్లాసు గిరగిరా తిప్పి, గోడల మీంచి జారుతున్న చారలు చూపించి, "చారలు ఎంత చిక్కగా ఉంటే వైన్ అంత గొప్పది" అని ప్రకటించాడు. పోస్తున్న కుర్రాడు మొహమాటపడుతూనే, అది గొప్పతనం కాదు సార్, ఆల్కహాల్ అన్నాడు. గ్లాసు గోడ మీద ఆల్కహాల్ నీటికంటే ముందు ఆవిరైపోతుంది, మిగిలిన ద్రవం తలతన్యత, అంటే పైపొర బిగువు, పెరిగి కిందున్న వైన్‌ని పైకి లాగుతుంది, బరువెక్కాక అది కన్నీళ్ళలా జారుతుంది. 1855లోనే జేమ్స్ థామ్సన్ అనే ఆయన దీన్ని వివరించాడట. బావ ఆ తర్వాత ఇరవై నిమిషాలు మాట్లాడలేదు. ఆ ట్రిప్ మొత్తంలో నాకు హాయిగా గడిచిన ఇరవై నిమిషాలు అవే.

అసలు కథ మూడో వైనరీలో.

అక్కడ పోసిన ఆవిడ చాలా శ్రద్ధ గల మనిషి. ఒక తెల్ల వైన్ పోసి, "తాగకండి, ముందు వాసన చూసి ఏం తోస్తే అది చెప్పండి" అంది. క్లాసులో టీచర్ ప్రశ్న వేసినట్టు అందరం తలలు దించుకున్నాం. చివరికి నా పక్కనున్న మా ఆవిడ నెమ్మదిగా, "కొబ్బరి" అంది.

"అవును, కొబ్బరే!" అంది అక్క. ఎదురుగా కూర్చున్న ముక్కూ మొహం తెలియని జంట కూడా తలూపారు. బావకి ప్రాణం లేచొచ్చింది. "ఓక్ చెక్క పీపా ప్రభావం. అమెరికన్ ఓక్‌లో నిల్వ పెడితే వైన్‌కి కొబ్బరి వాసన పడుతుంది."

"నిజమేనండీ" అంది ఆవిడ. "కానీ ఇది పీపా మొహమే చూడలేదు. స్టీలు ట్యాంకులోంచి సీసాలోకి వచ్చింది."

గ్లాసుల్లో లోపమేమోనని అన్నీ మార్చింది. కొబ్బరే. కొత్త సీసా తెరిచింది. కొబ్బరే. ఇక ముక్కు ముందుకు పెట్టి బల్ల చుట్టూ ఒక్కో అడుగూ వేస్తూ వచ్చి, సరిగ్గా నా వెనక ఆగింది.

"సార్, తలకి ఏమైనా రాసుకున్నారా?"

రాసుకున్నాను. పొద్దున హడావుడిలో చేతిలోకి ఎంత ఒలికితే అంతా పట్టించేశాను. ఎండకి అది కరిగి కణతల మీదకి దిగుతోంది కూడా. గుమ్మం దగ్గర "దయచేసి సెంటు పూసుకుని రావద్దు" అని బోర్డు ఉందని ఆవిడ గుర్తుచేసింది. సెంటు అని ఉంది గానీ నూనె అని లేదు కదండీ అన్నాను. ఎవరూ నా పక్షాన మాట్లాడలేదు. పన్నెండేళ్ళుగా ఆ నూనె వాసనలోనే కాపురం చేస్తున్న మా ఆవిడ కూడా!

పాపం, వైన్ పోసిన ఆవిడే ఓదార్చింది. 2001లో ఫ్రాన్స్ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారట. వైన్ చదువు చదువుతున్న 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వాళ్ళు దాని వాసనని ఎర్ర వైన్ మాటలతోనే వర్ణించారట. చదువుకున్నవాళ్ళే అలా పడ్డారు, మీరెంత అని. తర్వాత గాలి ఎటు వీస్తోందో చూసి నన్ను తలుపు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆదివారం పొద్దున రెండుసార్లు తలంటుకున్నాను. ఐదో వైనరీలో పెద్దాయనొకరు మమ్మల్ని పీపాల గదిలోకి తీసుకెళ్ళాడు. వరసగా 225 లీటర్ల పీపాలు. వాటిలో ఒకదాన్ని ప్రేమగా తట్టి, అందులోంచి తీసి పోశాడు. "ఏడాదిపైన అమెరికన్ ఓక్‌లో ఉంది. చూడండి, ఏం వాసన వస్తోందో!"

గుప్పుమని కొబ్బరి.

మా ఆవిడ నా తల వైపు చూసింది. అక్క చూసింది. బావ కాస్త వంగి మరీ వాసన చూశాడు. నేను తల ఎంత అడ్డంగా ఊపినా లాభం లేకపోయింది.

"అబ్బే, ఏమీ రావట్లేదండీ" అన్నాడు బావ, నా మర్యాద కాపాడుతున్నట్టు.

పెద్దాయన మమ్మల్ని నలుగురినీ జాలిగా చూసి, పీపాకి బిరడా బిగించేశాడు.