మా జీపు సైలెన్సరు గారికి పదవీ విరమణ నోటీసు

మహారాజశ్రీ సైలెన్సరు గారికి, నల్లగొండ నుంచి తమ జీపు యజమాని నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం క్షేమం. తమ క్షేమం అడగనక్కరలేదు. తెల్లవారుజామున తమరు గొంతు విప్పగానే అది పానగల్లు దాకా అందరికీ తెలిసిపోతున్నది.

వానా బురదా తమను తినేశాయని మా వీధిలో అందరి నమ్మకం. తమరు ముఖ్యంగా లోపలి నుంచి పాడవుతారన్న రహస్యం వారికి తెలియదు. లీటరు డీజిలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. దూరప్రయాణంలో ఆ ఆవిరి బయటికి పోతుంది గానీ, బత్తాయి తోటకు పోయి మోటారు వేసి వచ్చే చిన్న తిరుగుళ్లలో తమ ఒళ్లు వేడెక్కకముందే ఇంజను ఆగుతుంది కనుక, అది నీరై, పొగలోని గంధకంతో కలిసి, పలచని ఆమ్లంగా తమ పొట్టలోనే ఉండిపోతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, అడుగున పొక్క పడుతుంది.

ఆ పొక్కతోనే తమ వైభవం మొదలైంది. వెల్డింగు రాడ్డు తగలగానే తుప్పు తిన్న రేకు కరిగి, శనగగింజంత పొక్క కాస్తా రూపాయి బిళ్లంత అయింది. దానిమీద అతుకు, ఆ అతుకు అంచున మరో పొక్క, దానికి ఇంకో అతుకు. మేస్త్రీ ప్రతిసారీ "ఇగ ఫికర్ లేదు సార్" అన్నాడు. ఆ ధీమా దేవరకొండ రోడ్డులో మొదటి గుంత వచ్చేదాకా చెక్కుచెదరలేదు.

తమ ముందు పైపును విప్పించిన ఘట్టం మాత్రం చరిత్రకెక్కదగినది. ఇంజను పొగను పోగుచేసే మానిఫోల్డుకు తమ పైపును పట్టి ఉంచే మరల కడ్డీకి, అనగా స్టడ్డుకు, రాత్రంతా నూనె పట్టించి, పొద్దున గ్యాసు మంటతో నట్టును ఎర్రగా కాల్చి, పానా వేసి మెల్లగా తిప్పితే కిర్రుమని కదిలింది. మేస్త్రీ ముఖం వెలిగింది. తీరా చేతికి వచ్చింది నట్టుతో పాటు సగం స్టడ్డు. మిగిలిన సగాన్ని తొలిచి తీసి, మళ్లీ మరలు కోసినందుకు లేత్ షాపువారు పుచ్చుకున్న కూలి విన్నాక, కొత్త సైలెన్సరు ధర ఎంతో మర్యాదగా అనిపించింది.

కాలుష్య పరీక్షవారు గొట్టం చివరే చూస్తారని కనిపెట్టి, పైపు ఇంజనును కలిసే చోట పొగ కారకుండా వేసే గ్యాస్కెటు పక్కన నల్లని మసిగీత గీసుకుంటూ, అక్కడినుంచి నేరుగా మా ముక్కులకే పొగ పంపిన తమ తెలివికి జోహార్లు. డీజిలు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం 2012లో తేల్చింది. పరదా జీపులో కూర్చునే మా పెద్దమ్మ అంతకుముందే తేల్చింది.

కావున గ్యాస్కెటు మొదలు తోక గొట్టం దాకా మొత్తం వరస మార్చడానికి నిశ్చయించాము. కొత్తవారిని ముందు వదులుగా వేలాడదీసి, డీజిలు లైనుకు 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలు చెప్పిన 35 మిల్లీమీటర్ల ఎడం చూసుకుని, ఇంజను వైపు నుంచి బిగించుకుంటూ వచ్చి, ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక మరోసారి బిగిస్తాము. తమను జీపు అడుగున వేలాడదీసిన, ఇప్పుడు చీలిపోయిన రబ్బరు హ్యాంగర్లను తమ వెంటే సాగనంపుతున్నాము.

పాతసామాన్ల బండి వచ్చేదాకా తమరు గోడవారన విశ్రమించగలరు. తమకు వేయించిన అతుకులన్నింటినీ కలిపే తూకం వేయాలని బండివానికి ముందుగానే చెప్పి ఉంచాము.

ఇట్లు,
తమ జీపు యజమాని