సైతాను కథ పక్కన పెట్టి వింటే

అమెరికాలోని మిసిసిపీ డెల్టా నల్లజాతివాళ్ల గిటార్ పాటలు డెల్టా బ్లూస్. ఆ మాటెత్తితే చాలు, నాలుగు రోడ్ల కూడలి కథ మొదలవుతుంది. రాబర్ట్ జాన్సన్ అర్ధరాత్రి సైతానుకు ఆత్మను అమ్ముకుని గిటార్ విద్య తెచ్చుకున్నాడట. ఈ కథ విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. ఒక నల్లజాతి కళాకారుడు చెమటోడ్చి నేర్చుకున్న విద్యను అది సైతాను ఖాతాలో వేసేస్తుంది. జాన్సన్‌కు గురువు ఉన్నాడు. ఆయన పేరు ఐక్ జిమ్మర్‌మన్. రాత్రిళ్లు ఇద్దరూ శ్మశానంలో కూర్చుని సాధన చేసేవారని జిమ్మర్‌మన్ కూతురు తర్వాతెప్పుడో చెప్పింది. అక్కడైతే అడ్డొచ్చేవాళ్లు ఉండరు మరి.

డెల్టా అంటే మిసిసిపీ, యాజూ నదుల మధ్య ఒండ్రు నేల, అంతా పత్తి. భూమి దొరది, పంటలో సగం దొరది, తినే పిండి కూడా దొర కొట్టులో అరువే. లెక్క చూసే రోజున చాలామందికి మిగిలేది అప్పు. డాకరీ ప్లాంటేషన్‌లో పెరిగిన చార్లీ ప్యాటన్ వాయించింది ఆ జనం కోసమే. గది నిండా చిందులు, మైకు లేదు. అందుకే గిటారే డప్పయింది. బొటనవేలు లావు తీగల మీద తాళం నడిపిస్తుంటే, మిగతా వేళ్లు సన్న తీగల మీద పాట పలికించేవి.

ఇక జారుడు వాద్యం. సీసా మెడనో చాకునో తీగ మీద జారిస్తే, రెండు స్వరాల మధ్య ఉన్నదంతా వినిపిస్తుంది. గమకాలు విన్న మన చెవికి ఇది ఇట్టే పట్టుబడుతుంది. 1929లో ప్యాటన్ రికార్డు చేసిన 'ఎ స్పూన్‌ఫుల్ బ్లూస్'లో 'స్పూన్‌ఫుల్' అన్న మాటను చాలాచోట్ల ఆయన పలకడు. సరిగ్గా ఆ మాట దగ్గర గొంతు ఆపేస్తాడు, తీగ పలుకుతుంది. మొదటిసారి విన్నప్పుడు రికార్డు అరిగిపోయిందేమో అనుకున్నాను.

తర్వాతి తరాలకు అందింది ఈ పనితనమే. స్టోవాల్ ప్లాంటేషన్‌లో ట్రాక్టర్ నడిపిన మడ్డీ వాటర్స్ 1943లో చికాగో చేరాడు. బార్ల గోలలో మామూలు గిటార్ వినపడక ఎలక్ట్రిక్ గిటార్ పట్టాడు, వాయించే తీరు మాత్రం సొంతూరిదే. 1950లో ఆయన పాడిన పాట పేరునే లండన్ కుర్రాళ్లు తమ బ్యాండ్‌కు పెట్టుకున్నారు: రోలింగ్ స్టోన్స్. 1938లో 27 ఏళ్లకే పోయిన జాన్సన్ పాటలు 1961లో ఎల్పీ రికార్డుగా వచ్చి బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ తరం చేతికి చిక్కాయి.

కుర్రతనంలో జాన్సన్ ఎవరి పాటను దగ్గర కూర్చుని విన్నాడో, ఆ బ్లూస్ గాయకుడు సన్ హౌస్‌ను అభిమానులు 1964లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో వెతికి పట్టుకున్నారు. ఆయన గిటార్ ముట్టక ఏళ్లు గడిచాయి, పాత పాటలు చాలావరకు మరిచిపోయాడు. ఆలన్ విల్సన్ అనే కుర్రాడు ఎదురుగా కూర్చుని, 1930 నాటి రికార్డులు విని తాను నేర్చుకున్న ఆ వేళ్ల నడకను, మళ్లీ సన్ హౌస్‌కే ఒక్కొక్కటిగా చూపించాడు.